అరవై నాలుగో పేరు దగ్గర ఆగిపోయే లిస్టు

ఫణిశ్రీ గారికి కోపం వస్తే అరవరండి. కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుస్తారు. ఆ నాలుగు రోజులూ తుడిచిన తుడుపుకి అద్దాలు అరిగిపోవాలి.

నేను కాలవ లస్కర్నండి. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టెంట తిరగడం, ఎవడు ఎక్కడ గండి కొట్టేడో చూసుకోవడం, ఇదే నా పని. బడి అయిదో తరగతిలో మానేసేను. ఇరవై రెండేళ్ళు ఆ ఇనప చక్రం తిప్పి తిప్పి కుడి చెయ్యి ఇప్పుడు భుజం దాటి పైకి లేవదు.

ఫణిశ్రీ గారు మా నీటి సంఘం ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఆవిడ. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. వాళ్ళ నాన్నగారు అమలాపురం దగ్గర పల్లెలో మాస్టారు. పెళ్ళయ్యి రావులపాలెం వచ్చేక అక్కడ ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకున్నారంట. ముగ్గురికి ఒకటే మిషను. "మొదటమ్మాయి కొట్టేది, రెండో అమ్మాయి చెప్పేది, నేను వెనకాల నించుని చూసేదాన్ని చంద్రరావు గారూ" అని ఓసారి నవ్వుతా చెప్పేరు. రోజూ బస్సు దిగి, గొడుగేసుకుని గట్టు మీద కిలోమీటరు నడిచొస్తారు. నన్ను గారూ అని పిలిచే మనిషి ఆ ఆఫీసులో ఆవిడొక్కరే.

రెండువేల మూడులో దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదాట్లో నీళ్ళు లేవు. వంతులు పెట్టేరు. మా నాలుగో నంబరు బోదె, అంటే పిల్లకాలవ, దాని కింద ఎనభై ఒక్క మంది రైతులు. ఎవరికి ఏ రోజు, ఎన్ని గంటలు నీళ్ళివ్వాలో కంప్యూటర్లో లిస్టు తియ్యాలి. దాని మీద కాలవల ఇంజినీరు ఏఈ గారు సంతకం పెట్టాలి, సంఘం స్టాంపు పడాలి, తూము దగ్గర బోర్డుకి అంటించాలి. ఆ కాయితంలో పేరున్నోళ్ళకే నీళ్ళు. లేనోళ్ళకి చుక్క వదిలినా నా పని ఊడుద్దని సంఘం ప్రెసిడెంటు గారు ముందే చెప్పేరు.

మొదటి వంతు లిస్టులో అరవై నాలుగు పేర్లే వచ్చేయి. రాని పదిహేడు మందీ శివారోళ్ళే, బోదె కొసన చేలున్నోళ్ళు. రెండేళ్ళ కిందట బోదె పొడిగించినప్పుడు కొత్తగా కలిసినోళ్ళు, లిస్టులో అట్టడుగున ఉన్నోళ్ళు. ఆ రెండేళ్ళూ నీళ్ళు పుష్కలంగా ఉన్నాయి, లిస్టుతో పనే పళ్ళేదు, అందుకని ఎవరూ చూసుకోలేదు. నేను జాలిపడి ఆ పదిహేడు పేర్లూ బాలుపెన్నుతో కింద రాసేను. ఎగువోళ్ళు వచ్చి "లస్కరు రాస్తే వంతైపోద్దా?" అని ఆ ముక్క చింపేసేరు. ఏఈ గారు కూడా వాళ్ళ మాటే అన్నారు. పెన్నుతో రాసింది చెల్లదంట. మిషను మీదే రావాలంట.

అలా శివారుకి ఒక వంతు ఎగిరిపోయింది. రెండో వంతు మార్చి ఇరవై రెండు, శనివారం పొద్దున్న మొదలు.

బుధవారం నేను ఆఫీసుకి ఎల్లేసరికి గుమ్మంలో రత్నమాణిక్యం కూచుని ఉంది. శివారు కొసన ఎకరంన్నర కౌలు చేస్తది. మొగుడు రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు మోస్తాడు, చేను చూసుకునేది ఈవిడే.

"అన్నయ్యా, నా వరి చేను పొట్ట మీదుంది. కాలెడితే మడమ దిగే నెర్రెలు. ఈ వంతు కూడా తప్పితే గడ్డి కోసుకోవడమే."

"నన్నేం చెయ్యమంటావ్ చెల్లెమ్మా? కాయితంలో నీ పేరు లేదు."

"కాయితంలో లేకపోతే చేలో కూడా లేనా?"

లోపల ఫణిశ్రీ గారు విన్నారు. కళ్ళజోడు తీసేరు.

కంప్యూటర్లో ఆ లిస్టుండే గళ్ళ షీటు ఆవిడ చేసింది కాదండి. సంఘం పెట్టిన కొత్తలో ఉన్న కుర్రోడెవడో చేసి, తునిలో ఏదో కంపెనీలో చేరిపోయేడు. వాడి ఫోను నంబరు కూడా ఎవరి దగ్గరా లేదు. అందులో ఏ గడి వెనకాల ఏం పెట్టేడో వాడికే తెలియాలి. నేను పక్కన స్టూలు మీద కూచుని రిజిస్టరు చూసి చదవడం, ఆవిడ సరిచూసుకోవడం.

మొదటి తగువు సర్వే నంబర్లతో వచ్చింది. పన్నెండు బై మూడు అని కొడితే మార్చి పన్నెండు అని పడతంది. మొదటి వంతప్పుడు పాపాయి అని ఓ రైతు ఆ కాయితం చూసి, తన నీళ్ళు మార్చి పన్నెండుకి వస్తాయనుకుని, ఆ రోజు పార పట్టుకుని తూము దగ్గర పొద్దుగూకిందాకా కూచున్నాడు. నన్ను తిట్టిన తిట్లు ఇప్పుడు చెప్పకూడదు. ఫణిశ్రీ గారు ఆ గళ్ళన్నీ ఒక్కోటీ చెరిపి, ముందు చిన్న కొమ్ము గీత పెట్టి మళ్ళీ కొట్టేరు. అది కుదిరింది.

ఈలోపు గంటల గడిలో అంకెలు పోయి వరసగా కంచె గుర్తులు వచ్చేయి.

"ఇదేంటండీ, ముళ్ళ కంచెలాగ?"

"గడి ఇరుకైందంట చంద్రరావు గారూ. వెడల్పు చెయ్యాలి."

వెడల్పు చేసేరు. కంచె పోయింది, అంకెలొచ్చేయి. ప్రింటు కొడితే పేర్లు ఒక కాయితం మీద, గంటలు ఇంకో కాయితం మీద. ఎవరికెన్ని గంటలో తెలియాలంటే రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి కర్ర ఆనించి చూడాలి. సరే, అక్షరాలు చిన్నవి చేసేరు. అన్నీ ఒక కాయితం మీదకి వచ్చేయి గానీ చీమల బారులాగున్నాయి. ప్రింటరు సిరా రిబ్బను కూడా అరిగిపోయింది. ఒక్క పేరు కూడా నేను చదవలేకపోయేను. మళ్ళీ పెద్దవి చేసి, అడ్రసు గడి తీసేసి, ఆ తిప్పలన్నీ పడి సాయంత్రానికి ఒక దారికి తెచ్చేరు. అప్పుడు కొట్టేరు ప్రింటు. కర్రుమని అరుచుకుంటా పేర్లన్నీ వచ్చి, అరవై నాలుగో పేరు దగ్గర టక్కుమని ఆగిపోయింది.

రత్నమాణిక్యం ఇంకా అక్కడే ఉంది. ఆవిడకి తన పేరు వరకు చదువొచ్చు. ఫణిశ్రీ గారు ఆవిణ్ణి లోపలికి పిలిచి తెర మీద కిందకి జరిపి చూపించేరు.

"ఇదిగో, ఎనభై ఒకటి. మీ పేరే."

"ఉన్నాను గదండీ అమ్మగారు!"

"ఉన్నారమ్మా. కాయితం మీదకే రావట్లేదు."

రత్నమాణిక్యం ఆ తెర మీద వేలెట్టి చూసింది, అక్కడేదో అడ్డం ఉందేమోనన్నట్టు.

గురువారం ప్రెసిడెంటు గారొచ్చేరు. ఆయన చేలు తూముకి ఆనుకునే ఉంటాయి. లిస్టులో మూడో నంబరు.

"ఏమ్మా, లిస్టయ్యిందా?"

"శివారు పదిహేడు పేర్లు రావట్లేదండి. రావులపాలెంలో నేను కంప్యూటరు నేర్చుకున్న సెంటరు నుంచి విశ్వనాథ్ గారిని పిలిపిస్తే..."

"దీనికి మళ్ళీ ఓ మనిషా? అరవై నాలుగొచ్చేయిగా. వచ్చినకాడికి అంటించెయ్. మిగిలింది వచ్చే వంతుకి చూద్దాం."

"వచ్చే వంతుకి వాళ్ళ చేలుండవండి" అన్నాను నేను.

"ఏరా చంద్రరావూ, నువ్వు కంప్యూటరు కూడా నేర్చేసేవా? పోయి గట్టు చూసుకో."

పోయేను. మధ్యాన్నం తిరిగొచ్చి చూస్తే ఆవిడ అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. ఎస్టీడీ బూతు నుంచి విశ్వనాథ్ గారికి ఫోను చేసేరంట. ఫ్లాపీలో వేసుకుని తెమ్మన్నాడంట. ఇక్కడున్నవి రెండు ఫ్లాపీలు, రెండూ బూజు పట్టినయ్యే, మిషను వాటిని ఒప్పుకోలేదు. శుక్రవారం పొద్దున్న కరెంటు పోయింది. పదకొండింటికొచ్చింది. మళ్ళీ కొట్టేరు, అరవై నాలుగు. పేర్లన్నీ కొత్త షీట్లోకి ఎత్తబోతే మిషను బిగుసుకుపోయింది, ఆపి మళ్ళీ పెట్టాల్సొచ్చింది. మళ్ళీ కొట్టేరు, అరవై నాలుగు. ప్రింటరుకి పెట్టే చిల్లుల కాయితం కట్ట అడుక్కొచ్చేసింది. గట్టిగా ఇంకో మూడు కాయితాలుంటాయి.

"నేను నేర్చుకున్నది చాల్లేదు చంద్రరావు గారూ" అన్నారు. కళ్ళజోడు ఒళ్ళో ఉంది.

నాకు ఒళ్ళు మండిపోతంది. ఎవరి మీదో తెలీట్లేదు. "మాకీ గోలుండదండి" అన్నాను. "నీళ్ళు తక్కువున్న యేడు మేం ఎగువ తూములన్నీ దించేసి, శివారు నుంచి మొదలెట్టి పైకొస్తాం. పైనుంచి మొదలెడితే కిందకి ఏ యేడూ చేరవు. మీ మిషనేమో పైనుంచే మొదలెడతంది."

ఆవిడ నా వైపు చూసేరు. కళ్ళజోడు పెట్టుకున్నారు.

"కింద నుంచి మొదలెడితే?"

"మిషనొప్పుకుంటదా అండి?"

ఏదో నొక్కేరు. తెర మీద వరసంతా ఒక్క దెబ్బకి తిరగబడింది. ఎనభై ఒకటి పైన, ఒకటి అడుగున. ప్రింటు కొట్టేరు. మొట్టమొదటి పేరు రత్నమాణిక్యం. ఆ మాసిపోయిన రిబ్బనుతోనే పడింది గానీ నాకైతే నల్లగా కనబడింది. డెబ్బై, అరవై, యాభై, శివారంతా వచ్చేసింది. నేను స్టూలు మీంచి లేచిపోయేను.

పద్దెనిమిదో నంబరు దగ్గర టక్కుమని ఆగిపోయింది.

ఇద్దరం ఆ కాయితం కొస పట్టుకుని చూసుకున్నాం. ఈసారి ఎగువోళ్ళు పదిహేడు మంది లేరు. మూడో నంబరు ప్రెసిడెంటు గారు కూడా.

"అదే తప్పండి" అన్నారు ఫణిశ్రీ గారు మెల్లిగా. "తప్పెక్కడికీ పోలేదు. అటు నుంచి ఇటొచ్చింది."

"అంటించేద్దామండి."

"నా ఉద్యోగం పోతుంది."

ఆవిడ ఉద్యోగం, అంటించమని నేను మళ్ళీ ఎలా అంటాను? బయట గుమ్మంలో రత్నమాణిక్యం కాళ్ళు కనబడతన్నాయి, మట్టి ఎండి తెల్లగా. ఫణిశ్రీ గారు అటు చూసేరు.

"పదిహేడు మంది లేనప్పుడు వచ్చినకాడికి అంటించమన్నారు కదండీ" అన్నారు. "ఇప్పుడూ లేంది పదిహేడు మందే."

ప్రింటర్లోంచి కాయితం చింపి, గొడుగు తీసుకుని ఆవిడే నడిచి ఏఈ గారి ఆఫీసుకి ఎల్లేరు. కింద నుంచి మొదలెట్టేరేంటమ్మా అని అడిగేరంట ఆయన. నీళ్ళు తగ్గిన యేడు శివారుకే ముందివ్వమని మీరే కాయితం పంపేరు కదండీ అన్నారంట ఈవిడ. ఆ కాయితం నిజంగానే వచ్చింది, ఎవరూ చూడకుండా ఫైల్లో పడుంది. ఆయన సంతకం పెట్టేసేరు. పేర్లు మాత్రం లెక్కెట్టలేదు.

నాలుగింటికి బోర్డుకి అంటించేను. అయిదు కాకుండానే ప్రెసిడెంటు గారి హీరో హోండా ఆఫీసు ముందు ఆగింది.

"ఫణిశ్రీ! నా పేరేదమ్మా?"

"రాలేదండి. కంప్యూటర్లో ఉంది, కాయితం మీదకి రాలేదు."

"రాలేదంటే? నేను ప్రెసిడెంటుని!"

"దానికి తెలీదు కదండీ. వచ్చే వంతుకి చూద్దాం."

నేను తలొంచుకున్నాను. నవ్వు ఆగట్లేదు, భయమూ ఆగట్లేదు. ప్రెసిడెంటు గారు ఆవిణ్ణి చూసేరు, నన్ను చూసేరు, ఆ కంప్యూటరుని చూసేరు. తర్వాత బండి మీద మనిషిని రావులపాలెం తోలేరు. ముప్పావుగంటలో విశ్వనాథ్ గారు ఆ బండెనక కూచుని, చొక్కా గుండీలు పెట్టుకుంటా దిగేడు.

కుర్చీలో కూడా కూచోలేదండి ఆయన. నించునే నాలుగు నొక్కులు నొక్కేడు.

"పాత కుర్రోడు అరవై నాలుగు వరసల దాకానే ప్రింటు అవ్వాలని గీత గీసి పెట్టేడండి. అప్పట్లో అంతేమంది కాబోలు. దాని కింద ఎన్ని పేర్లు చేర్చినా గీత బయటే. ప్రింట్ ఏరియా అని ఉంటుంది. అది క్లియర్ చేసేను. కొట్టండి."

కొట్టేరు. రెండు కాయితాలు. ఎనభై ఒకటి.

"ఇంతేనా?" అన్నారు ప్రెసిడెంటు గారు. "ఈ మాత్రం తెలీకా మూడు రోజుల్నుంచి ఇంత రభస చేసేవు?"

"ఇంతేనండి" అన్నారు ఫణిశ్రీ గారు. "నిన్న పిలిస్తే నిన్నే అయ్యేది."

ఆయనకి ముఖం కందిపోయింది. లిస్టు మళ్ళీ పైనుంచి తిప్పి కొట్టమన్నారు. ఆవిడ బోర్డు మీది కాయితం తెప్పించి చూపించేరు. ఇప్పుడు కొట్టిన రెంటిలో మొదటి కాయితం అచ్చం ఇదే, దీని మీద సంతకం కూడా పడింది. రెండో కాయితం మీద ఒక్క సంతకం పెట్టించుకుంటే మీ పేరొచ్చేస్తుంది, తిప్పితే మళ్ళీ మొదట్నుంచీ పెట్టించుకోవాలి, చిల్లుల కాయితమూ అయిపోయింది అన్నారు. పేరు రావడమే ముఖ్యమనుకున్నారో ఏమో, ఆయన రెండో కాయితం జేబులో పెట్టుకుని సంతకానికి తానే ఎల్లేరు.

శనివారం తెల్లారగట్ల ఎగువ తూములన్నీ దించేసేను. నీళ్ళెనకాలే గట్టెంట నడిచేను. పదింటికి రత్నమాణిక్యం చేలో పడ్డాయి. నెర్రెల్లోకి దిగుతా చాలాసేపు బుడబుడమని చప్పుడు. పల్లపు ఎకరం పచ్చగానే ఉంది. మెరకనున్న అరెకరం అప్పటికే తెల్లబడిపోయింది. ఓ వరి పొట్ట విప్పి చూపించింది, లోపలంతా తాలే. మొదటి వంతు పడుంటే బతికేదది.

"ఈ అరెకరం ఎవరి ఖాతాలో రాయమంటావు అన్నయ్యా?" అంది. "ఆ గీత గీసినోడిదా?"

మధ్యాన్నం ఆ మాట ఫణిశ్రీ గారికి చెప్పేను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, ఆ పొద్దున్నే కొనుక్కొచ్చిన కొత్త రిబ్బను సంచీలోంచి తీసి ప్రింటరుకి ఎక్కించేరు.

ఆ సీజన్లో ఇంకో మూడు వంతులు నడిచేయి. ప్రతిసారీ లిస్టు బయటికి రాగానే ఆవిడ నన్ను స్టూలు మీద కూచోబెట్టి, "లెక్కెట్టండి చంద్రరావు గారూ" అనేవారు. నేను ఒక్కో పేరు మీదా వేలెట్టి పైకే లెక్కెట్టేవాణ్ణి. ఎనభై ఒకటీ అయ్యేదాకా ఆవిడ ప్రింటర్లోంచి ఆ కాయితం చింపేవారు కాదు.