గుర్రం పేరుతో కొట్టుకున్న గుండె

మొదట కూత వినిపించింది. గోడ అవతల వైర్‌లెస్ గదిలోంచి, సన్నగా, ఆగి ఆగి, గూట్లోంచి జారిపడ్డ పిట్టపిల్ల తల్లిని పిలిచినట్టు. ఆ వెంటనే పెద్దాఫీసరు గొంతు.

"తొమ్మిది! తొమ్మిదో నంబరు గుండె గతి తప్పుతోంది. వాణ్ణి బయటికి లాగండి!"

బట్టల గదిలో అక్క చేతిలోని సూది జారిపోయింది.

ఆ అగ్నిమాపక కేంద్రంలో చిన్నాపెద్దా అందరికీ ఆమె అక్కే. పంతొమ్మిదేళ్ళుగా అక్కడి బట్టలు ఉతకడం, కుట్టడం ఆమె పని. మంటలోంచి వచ్చిన చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇవాళ రబ్బరూ, పాత పుస్తకాలూ" అనేది. ఒక్కసారీ తప్పలేదు. కిందటేడు సెన్సార్ల లోచొక్కాలు వచ్చాయి. అవి మనిషి గుండెనీ ఒంటి వేడినీ కేంద్రంలోని తెరమీద చూపిస్తాయి. తెరలో ఒక్కో చొక్కాకి ఒక్కో మనిషి పేరు. ఉతుకులో కలిసిపోకుండా మెడ వెనక అంకెలు కుట్టింది మాత్రం అక్కే.

తెర మూడుసార్లు ఎర్రబడితే ఇక ఆ మనిషిని మంట దగ్గరికి పంపరు. కాగితాల బల్ల ముందు కూర్చోబెడతారు. పధ్నాలుగో నంబరుకి రెండుసార్లు ఎర్రబడింది. పధ్నాలుగు అక్క సొంత తమ్ముడు.

"అక్కా, గుర్రంగాడిదీ నాదీ ఒకటే కొలత. మా ఇద్దరి అంకెలూ మార్చేయ్, చాలు" అన్నాడు వాడు. ఏ మెట్లెక్కినా రొప్పని తొమ్మిదో నంబరుకి గుర్రమని పేరు.

"మతి పోయిందిరా నీకు? గుండెతో ఆటలా?"

"గుండెకేం లేదే. కాస్త తొందరపడుతుంది, అంతే. నువ్వు బొద్దింకని చూసి ఎగిరినంత కూడా కాదు."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వాక ఇక కాదనలేకపోయింది. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన వాడు. నాలుగు కుట్లు విప్పింది, నాలుగు కుట్లు వేసింది. ఆ రోజు నుంచి తమ్ముడి గుండె తెరమీద గుర్రం పేరుతో కొట్టుకుంటోంది. గుర్రానికి ఆ సంగతే తెలియదు.

ఇప్పుడు కాలుతున్న గోదాము దగ్గర్నుంచి వైర్‌లెస్‌లో గుర్రం దగ్గుతూ నవ్వుతున్నాడు.

"బయటికొచ్చేశా సార్. నాకేం, రాయిలా ఉన్నా! మీ పెట్టెకే జ్వరం వచ్చినట్టుంది."

ఎవరో ఫక్కున నవ్వారు. కూత ఆగలేదు.

అక్క మెడలో కొలత టేపుతోనే పరుగెత్తింది. తెరమీద ఎర్రగీత గాలికి తెగిన దారంలా కొట్టుకుంటోంది.

"వాడు కాదయ్యా! అది నా తమ్ముడిది. వాడింకా లోపలే ఉన్నాడు. అంకెలు నేనే మార్చాను."

పెద్దాఫీసరు ఆమెను ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. వెంటనే మైకు అందుకున్నాడు.

"గుర్రం! పధ్నాలుగు ఎక్కడ?"

"గోదాము వెనక మెట్ల మీద. ఎందుకు సార్?"

"పరుగెత్తు! ఎత్తుకురా వాణ్ణి!"

మెట్ల మలుపులో బోర్లా పడి ఉన్నవాణ్ణి గుర్రమే భుజాన వేసుకుని తెచ్చాడు. బతికాడు. ఆస్పత్రిలో కత్తిరించి తీసిన లోచొక్కాను నర్సు సంచిలో పెట్టి ఇచ్చింది. అక్క అలవాటుగా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏం కాలిందో ఆమెకి తెలియలేదు.

తమ్ముడు ఇప్పుడు ఆ తెర ముందే కూర్చుంటాడు. పెద్దాఫీసరు అక్కను చెడామడా తిట్టాడు గానీ పనిలోంచి తీసేయలేదు. ఈ సంగతులు అడగడానికి వెళ్ళినవాళ్ళను గుమ్మం దాకా సాగనంపుతూ ఆమె చివరికి ఇంతే అంది.

"ఉతుకుతాను, ఆరేస్తాను. సూది మాత్రం గుర్రంగాడికి ఇచ్చేశాను. వంకర కుట్లు వేస్తాడు, వేయనీ. మా వాడు రేపు మళ్ళీ అక్కా అంటూ వస్తే, కాదంటానన్న నమ్మకం నాకు లేదు."