మా బావ కావాలనే చేశాడు

మా బావ తన జీవితంలో ఇంతవరకూ ఒక్క పొరపాటు కూడా చెయ్యలేదు. ఈ మాట నేను అనడం లేదు, ఆయనే చెబుతాడు. చేతిలోంచి గ్లాసు జారి పగిలితే, కావాలనే వదిలానంటాడు. తన ఇల్లనుకుని పక్కింటి తలుపు తడితే, వాళ్లెలా ఉన్నారో కనుక్కుందామని కావాలనే తట్టానంటాడు. ఆ పక్కింటివాళ్లు కూడా పాపం నమ్మేసి, ఆయన్ని కూర్చోబెట్టి, క్షేమసమాచారాలన్నీ చెప్పి పంపిస్తారు.

ఆయన చేసేది దర్జీ పని. ఓసారి బ్యాంకు ఉద్యోగి ఒకాయన కొత్త చొక్కా తొడుక్కుని, అద్దం ముందు చేతులు చాపి చూసుకుని, మొహం అదోలా పెట్టాడు.

"ఎడమ చెయ్యి పొట్టిగా ఉందండీ."

"కావాలనే," అన్నాడు బావ, పెదాల మధ్య గుండుసూదులు తియ్యకుండానే. "వాచీ ఏ చేతికి పెట్టుకుంటారు?"

"ఎడమ చేతికే."

"మరి టైం చూసుకోవాలంటే మాటిమాటికీ చొక్కా చెయ్యి వెనక్కి లాక్కుంటూ కూచుంటారా?"

ఆయన కాసేపు ఆలోచించి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా అదే బ్యాంకు నుంచి ఇంకొకాయన వచ్చి, తనకి కూడా ఎడమ చెయ్యి పొట్టిగానే కుట్టమని అడిగాడు.

ఇంకోసారి మా కుటుంబాన్నంతా దగ్గరివాళ్ల పెళ్లికని తీసుకెళ్లి, ఎవరిదో తెలియని పెళ్లిలో కూర్చోబెట్టాడు. భోజనాలు సగంలో ఉండగా పెళ్లికొడుకుని చూసి నాకు అనుమానం వచ్చింది. "బావా, ఇది మన పెళ్లి కాదేమో" అన్నాను నెమ్మదిగా. "కావాలనే తీసుకొచ్చాను. మనవాళ్ల దగ్గర భోజనాలు ఆలస్యంగా పెడతారు. తిని అటు వెళ్దాం" అన్నాడు. అన్నట్టే తిని అటు వెళ్లాం. అక్కడ నిజంగానే ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు. ఇలాంటివి జరిగినప్పుడే నాకు తల తిరిగిపోతుంది. ఈ మనిషి మమ్మల్ని ఆడిస్తున్నాడా, లేక నిజంగానే అన్నీ ముందే ఆలోచించి చేస్తాడా? అక్కని అడిగితే, "నాకేం తెలుసురా? నన్ను కావాలని చేసుకున్నారో, పొరపాటున చేసుకున్నారో కూడా ఇంతవరకూ అడగలేదు" అంది.

ఇక మా అమ్మాయి. ఇంట్లో అందరం పిట్ట అంటాం. మూడో క్లాసు. దాని వరస మా బావకి పూర్తిగా తలకిందులు. తప్పు చేస్తానేమోనన్న భయంతో అసలు ఏ పనీ మొదలుపెట్టదు. బొమ్మ గీస్తూ ఒక్క గీత వంకరపోతే చాలు, కాగితం చింపి, ఉండ చుట్టి, మంచం కింద పడేస్తుంది. మా ఆవిడ చీపురు పెట్టి లాగితే కాగితం ఉండలు గుట్టగా వచ్చేవి. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తదు. "తప్పైతే?" అంటుంది. "తప్పైతే ఏమవుతుందే?" అని అడిగితే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంటుంది. ఇంత చిన్నపిల్లకి ఇంత భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో మాకు అంతుపట్టలేదు. లోలోపల బెంగగా ఉండేది.

అలాంటి పిల్లకి బడిలో ఒక పని అప్పజెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి స్వయంగా ఏదైనా తయారుచేసి తీసుకురావాలి, అన్నీ హాల్లో పెట్టి అందరికీ చూపిస్తారు, చేసినవాళ్లు నిలబడి దాని గురించి చెప్పాలి. పిట్ట ఆ సాయంత్రమే కడుపునొప్పి మొదలుపెట్టింది. మందుల షాపులో పనిచేసే నాకు అది ఏ నొప్పో తెలియకపోతే ఎలా?

"బడి అయ్యాక మా దగ్గరికి పంపించు. మీ బావ చేయిస్తారు" అంది అక్క.

"అక్కా, పిల్ల భయం పోవాలి గానీ, మతి పోకూడదు" అన్నాను. అయినా పంపించాను.

బావ బొమ్మరిల్లు తెస్తానని బయల్దేరి, యుద్ధట్యాంకు తెచ్చాడు. అట్టపెట్టె నిండా ప్లాస్టిక్ చట్రాలు, వాటికి అంటుకుని వందలకొద్దీ చిన్నచిన్న ముక్కలు. అవన్నీ కత్తిరించి, అతికించి, రంగులేస్తే అరచేతిలో పట్టేంత ట్యాంకు, వేలెడేసి సైనికులు తయారవుతారు. వాటిని ఒక చెక్కమీద నిలబెట్టి, చుట్టూ రోడ్డూ, చెట్లూ, ఏరూ చేస్తే యుద్ధరంగం.

"ఆడపిల్లకి ట్యాంకేమిటండీ? బొమ్మరిల్లు కదా తెస్తానన్నారు?" అంది అక్క.

"కావాలనే తెచ్చాను. బొమ్మరిల్లు ఎవరైనా కడతారు" అన్నాడు బావ. పెట్టె మీద బొమ్మ ఆయన కూడా అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు నాకనిపించింది.

మొదటిరోజు పిట్ట బావ కుట్టుకొట్లో కటింగ్ బల్ల పక్కన స్టూలు మీద చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముక్క ముట్టుకోలేదు. "నువ్వే చెయ్యి మావయ్యా, నేను పాడుచేస్తాను" అంది. నేను వెళ్లేసరికి బావ ఒక్కడే చేస్తున్నాడు, అది చూస్తోంది. ఇహ ఈ పని అయినట్టే అనుకుని పిల్లని తీసుకుని ఇంటికొచ్చేశాను.

మర్నాడు షాపు నుంచి నేరుగా అక్కడికెళితే, వీధిలోకే నవ్వు వినిపించింది. పిట్ట నవ్వే. లోపలికెళ్లి చూద్దును కదా, ట్యాంకు పైనుండే గోపురం వెనక్కి తిరిగి ఉంది. ఫిరంగి తోకలా వెనక వేలాడుతోంది.

"బావా, ఇది ఎటు వెళ్తోంది?"

"ముందుకి."

"మరి ఫిరంగి?"

"కావాలనే వెనక్కి పెట్టాను. శత్రువు వెనకనుంచి వస్తే?"

"మావయ్యకి ఏమీ రాదు నాన్నా. ఇలా కాదు అంటే వినడు" అంది పిట్ట. అది అప్పటికే చక్రాలు తన దగ్గరికి లాక్కుని, కాగితంలో బొమ్మ చూసుకుంటూ ఒక్కొక్కటీ అతికిస్తోంది. నేను గోడవారగా కూర్చున్నాను.

అక్కణ్ణుంచి రోజూ ఒక విడ్డూరం. బావ బొమ్మలకి ప్లాస్టిక్ బట్టలేమిటని, సైనికుడికి నిజం ప్యాంటు కుడతానని టేపు తీశాడు. ఆ వేలెడంత మనిషికి నడుం కొలత తీస్తూ, "ఊపిరి బిగబట్టకు, మామూలుగా నిలబడు" అని బొమ్మకి చెప్పాడు. తీరా కుట్టిన ప్యాంటులో ఇద్దరు పట్టారు. "కావాలనే. యుద్ధంలో ఒకరికొకరు తోడుండాలి" అన్నాడు. ఒకడి మొహానికి ఆకుపచ్చ రంగు పడింది. కావాలనే, వాడు పొదలో దాక్కున్నాడట. ఉన్న సైనికులందరినీ ఒకేవైపు నిలబెట్టారు.

"వీళ్లు ఎవరితో యుద్ధం చేస్తున్నారు బావా?"

"అవతలివాళ్లతో."

"అవతలివాళ్లేరీ?"

"రాలేదు. దారి తప్పారు."

"కావాలనే తప్పారు నాన్నా," అంది పిట్ట, రంగు బ్రష్షు నోట్లో పెట్టుకుని.

ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు. బావ తప్పు చెయ్యడం, పిట్ట తలకొట్టుకుని సరిచెయ్యడం, మధ్యలో పిట్ట చెయ్యి తప్పితే బావ గమనించనట్టు సూదిలో దారం ఎక్కించుకోవడం. మా పిల్ల కాగితాలు చింపడం మానేసిందని మా ఆవిడ చెప్పింది. మంచం కింద చీపురికి పనిలేకుండా పోయిందట. హాల్లో నిలబడి మాట్లాడటానికి కూడా సరేనంది.

ఆఖరిగా ఏరు మిగిలింది. దానికి నీళ్లలా కనిపించే జిగురు ఒకటి ఉంటుంది. పోసి వదిలేస్తే తెల్లారేసరికి గట్టిపడి గాజులా మెరుస్తుంది. ఏరు తనే పోస్తానని పిట్ట పట్టుబట్టింది. పోసింది. అందరం ఇళ్లకి వెళ్లాం.

తెల్లారి సెలవు. ప్రదర్శన ఆ మర్నాడు. పిల్లని తీసుకుని వెళ్లి చూస్తే, ఏరు రోడ్డెక్కింది. జిగురు మరీ ఎక్కువ పోసేసినట్టుంది, గట్లు దాటి, చెక్కంతా పాకి, రాయిలా గట్టిపడిపోయింది. ట్యాంకు సగం మునిగింది. సైనికులు మోకాళ్లదాకా బిగుసుకుపోయారు. పీకితే కాళ్లు విరుగుతాయి గానీ రారు.

పిట్ట మొహంలో రక్తం లేదు. కటింగ్ బల్ల కిందకి దూరి, గుడ్డపీలికల మధ్య ముడుచుకుని కూర్చుంది. "నేను రేపు బడికి వెళ్లను. ఎల్లుండి కూడా వెళ్లను" అని లోపలినుంచి వినిపించింది.

నేనూ అక్కా ఇద్దరం బావ వైపు చూశాం. ఇన్నేళ్లుగా మమ్మల్ని వేధించిన ఆ ఒక్క ముక్కా ఇప్పుడు అంటాడని, వరద కావాలనే తెప్పించామంటాడని ఎదురుచూశాం. ఆయన మెడలో టేపు తీసి పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ బల్ల కిందకి దూరాడు.

"పిట్టా, నేనొకటి చెబుతా, ఎవరికీ చెప్పకు. బ్యాంకాయన చొక్కా చెయ్యి నేను కావాలని పొట్టిగా కుట్టలేదు. కొలత తప్పాను."

బల్ల కింద గుడ్డపీలికలు కదిలాయి.

"మరి ఆ పెళ్లి?" అంది పిట్ట సన్నగా.

"హాలు పేరు చూసుకోలేదు."

"పక్కింటి తలుపు?"

"మనిల్లే అనుకున్నా."

"మరి కావాలనే అంటావుగా?"

"నవ్వుతారని భయమేసి అలా అంటాను. చిన్నప్పట్నుంచీ అదే భయం. తప్పు చేసిన ప్రతిసారీ వేస్తుంది, ఇప్పుడు కూడా వేస్తుంది."

ఒక్క పొరపాటూ చెయ్యని మనిషి, బల్ల కింద కూర్చుని, మూడో క్లాసు పిల్లకి లెక్కలేనన్ని ఒప్పుకుంటున్నాడు.

"అత్తయ్యకి తెలుసా?" అంది పిట్ట.

"తెలీదు."

"తెలుసు" అంది అక్క, ఇస్త్రీ పెట్టె కింద పెట్టకుండానే. "ఈ వీధి మొత్తానికి తెలుసు."

బల్ల కింద బావ గతుక్కుమన్నాడు. "మరి ఎవరూ ఏమీ అనలేదే?"

"ఏమంటారు? మీ చేత కుట్టించుకోవడం మానేశారా ఎవరైనా?"

పిట్ట ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. "అయితే ఫిరంగి వెనక్కి పెట్టింది కూడా పొరపాటేగా?"

"అది మాత్రం కావాలనే."

"అబద్ధం మావయ్యా."

"అబద్ధం బావా" అన్నాను నేను కూడా, పైనుంచి వంగి.

"ఒట్టు. మొదటిరోజు సరిగ్గానే పెట్టాను కదా, నువ్వు ముట్టుకోలేదు. ముక్కలన్నీ నీటుగా ఉంటే నువ్వు ఇంకా దూరం జరుగుతున్నావు. అందుకని నువ్వు వెళ్లాక విప్పి, వెనక్కి తిప్పి అతికించాను."

ఆ గోపురం ఊడదీయడానికి ఆయన పడ్డ పాట్లు చూసింది అక్కే. "అది నిజమేరా" అంది. జీవితంలో ఒక్కసారి నిజంగా కావాలని చేశాడు, దాన్ని మాత్రం నేనూ పిట్టా నమ్మలేదు. ఏ మొహం పెట్టాలో తెలియక బయటికెళ్లి సైకిల్ తాళం వేశానో లేదో చూసొచ్చాను.

తిరిగొచ్చేసరికి ఇద్దరూ బల్ల కిందనుంచి బయటికి వచ్చి, కాలరులో పెట్టే అట్టముక్కతో పడవ చేస్తున్నారు. మునిగిన సైనికుల దగ్గరికి పడవ పంపాలట.

మర్నాడు హాల్లో టీచరమ్మ మా చెక్క దగ్గర ఆగింది. వంగి చూసి, "వరద భలే చూపించారే. ఇలాగే రావాలని పోశారా?" అని అడిగింది. ఇంతకంటే సులువుగా జవాబు ఎవరూ అందివ్వరు. బావ గబుక్కున తలెత్తి సీలింగు ఫ్యాను వైపు చూడసాగాడు. పిట్ట చేతులు గౌను అంచుని నలుపుతున్నాయి.

"కాదు టీచర్. ఎక్కువ పోశాను. తెల్లారి చూస్తే గట్టిపడిపోయింది."

"అయ్యో. మరి ఏం చేశావు?"

"ఏడ్చాను. తర్వాత పడవ చేశాం."

వెనకనున్న పిల్లలు పడవ చూడ్డానికి తోసుకుంటూ వచ్చారు. పిట్ట వాళ్లకి ఆకుపచ్చ మొహంవాణ్ణి, ఒకే ప్యాంటులో ఉన్న ఇద్దరినీ, వెనక్కి తిరిగిన ఫిరంగినీ ఒక్కొక్కటే చూపిస్తూ, ఏది పొరపాటో, ఏది కాదో గొంతెత్తి చెప్పింది. బహుమతి వేరెవరికో వచ్చింది. ఎవరికో కూడా మేం కనుక్కోలేదు.

తర్వాత ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి పోస్టుమాన్ కొత్త ప్యాంటు వేసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. కుడికాలు స్పష్టంగా పొట్టి. పిట్ట స్టూలు మీద కూర్చుని గుండీలు రంగుల ప్రకారం ఏరుతోంది.

"ఇదేమిటండీ, ఇలా ఉంది?"

"కా..." అని మొదలుపెట్టి, బావ పిట్ట వైపు చూశాడు. "పొరపాటైంది. కొలత తప్పు తీశాను. విప్పి కుడతాను."

పోస్టుమాన్ అద్దం వదిలేసి కంగారుగా బావ దగ్గరికొచ్చాడు. "ఏమైందండీ? ఒంట్లో బాగానే ఉందా? ఇంట్లో అందరూ క్షేమమేనా?"

"అంతా బాగానే ఉంది. పొరపాటే చేశాను."

"మీరా? ఒక్కసారి ఆలోచించి చెప్పండి. కావాలనే కుట్టుంటారు. నేను సైకిల్ తొక్కేవాణ్ణి కదా. చెయిన్ ఉండేది కుడివైపే. పొడుగ్గా ఉంటే అందులో పడి నలిగిపోతుంది. అందుకే కదూ?"

బావ అయోమయంగా నా వైపు చూశాడు. నేను అక్క వైపు చూశాను. అక్క ఇస్త్రీ వైపు చూసుకుంది. చివరికి పిట్టే దిగొచ్చి, పోస్టుమాన్ చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కుడికాలు అంచు పట్టుకుని చూసింది.

"పొరపాటేనండీ" అంది. "కానీ బాగానే ఉంది. ఉంచేసుకోండి."