పాలు కారే చెట్టు

బాచుపల్లిలో ఇల్లు కొనుక్కున్న ఏడాది, వానలు తగ్గుముఖం పట్టాక, ఆశ్వయుజంలో మొక్కలు పెట్టాం. ఒకే గోడకు అటూ ఇటూ కట్టిన ఇళ్ళు మావి. ముందు కాస్త మట్టి వదిలారు. మట్టి అనేది పేరుకే. గునపం వేస్తే సిమెంటు పెళ్ళలు, టైల్స్ ముక్కలు వచ్చాయి.

పక్కింటామె నాతో కలిసి తవ్వింది. అనంతపురం వైపు వాళ్ళు. నాలాగే ఐటీ ఉద్యోగం, నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. గోదావరి పక్కన పుట్టినదాన్ని, ఆ నేల చూసి నేను నీరుగారిపోతే నవ్వింది.

“మా చేను జూస్తే ఏమంటావో అక్కా. గునపమే వంగుతాది.”

పెళ్ళలు ఏరి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, వేపపిండి కలిపి గుంటలు నింపాం. ఆమె వైపు మల్లె, నందివర్ధనం. నా వైపు కనకాంబరాలు, దానిమ్మ, మధ్యగోడ పక్కన అంజూర. అంజూర ఆమె కోరికే. చిన్నప్పుడు వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ ఇంట్లో ఆ చెట్టు ఉండేదట. తన వైపు కారు పెట్టుకోవాలి కాబట్టి నా వైపు పెట్టమంది. నర్సరీ నుంచి మొక్క తెచ్చింది కూడా తనే.

రెండో ఏటికి కాసింది. మొదటి పండు పిట్టలు పొడవకముందే కోసి, చెరి సగం చేసుకుని, గోడకు అటు తనూ ఇటు నేనూ నిలబడి తిన్నాం.

ఆ తర్వాతి వేసవిలో ఆమె భర్త ఉద్యోగం పోయింది. ఉదయం మీటింగుకు పిలిచి, మధ్యాహ్నానికల్లా లాప్‌టాప్ తీసేసుకున్నారట. మొదట్లో ఆయన గోడ దగ్గరికొచ్చి మా ఆయనతో మాట్లాడేవాడు. ఇంటర్వ్యూలు జరుగుతున్నాయనీ, ఒకచోట ఆఖరి రౌండు కూడా అయిపోయిందనీ, కబురు కోసం చూస్తున్నాననీ చెప్పాడు. తర్వాత బయటికి రావడం మానేశాడు.

ఒక ఆదివారం ఆమె మా ఇంటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“అక్కా, వాస్తు చూసేటాయన వచ్చినాడు. పాలు కారే చెట్టు ఇంటి ముందర ఉండకూడదంట. ఆ అంజూర తీసేయాల.”

“నువ్వే కదమ్మా పెట్టమన్నది?”

“అప్పుడు తెలీదు కదక్కా.”

“మీ ఆయనతోపాటు చాలామందిని తీసేశారుగా. వాళ్ళందరి ఇళ్ళ ముందూ అంజూర చెట్లున్నాయా?”

ఆమె ముఖం మాడిపోయింది. “నీ ఇంట్లో ఉద్యోగం పోయింటే తెలిసేది అక్కా,” అని వెళ్ళిపోయింది.

గోడ మీదికి వాలిన కొమ్మలు కొట్టించేస్తానని ఫోనులో మెసేజ్ పెట్టాను. చూసింది, జవాబివ్వలేదు. మా ఆయనతో చెబితే అంతా విని, “సరేలే, ఆలోచిద్దాం,” అన్నారు. నా పక్షానే ఉన్నారనుకున్నాను.

ఆ వారంలోనే ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటు ముందు ఒకతను కొమ్మలు మోపు కడుతున్నాడు. పచ్చికాయలు రోడ్డంతా దొర్లి ఉన్నాయి. మొదలు నరికిన చోట పాలు ఇంకా కారుతున్నాయి.

“ఎవరు కొట్టమన్నారు?”

“సారే కొట్టమన్నడు మేడం,” అన్నాడతను, నా గొంతుకు బెదిరి.

మా ఆయన గుమ్మంలోనే ఉన్నారు. “పాపం, వాళ్ళ అవస్థ చూడలేకపోయాను. చెట్టుదేముంది, మళ్ళీ పెట్టుకోవచ్చు. మనుషులు ముఖ్యం.”

“నన్నొక మాట అడగొచ్చుగా?”

“అడిగితే ఒప్పుకుంటావా?”

ఒప్పుకోనని తెలిసే అడగలేదన్నమాట. ఆయన చెప్పిన మనుషుల్లో నేను లేనని ఆ గుమ్మంలో నిలబడి ఉండగా అర్థమైంది. లోపలికెళ్ళి స్నానం చేసి వంట చేశాను. పప్పు బాగుందన్నారాయన.

నెల తిరక్కుండానే పక్కింటాయనకు ఉద్యోగం వచ్చింది. ఆఖరి రౌండు అయిందని చెప్పిన ఆ కంపెనీలోనే. ఆమె మైసూరుపాకు పెట్టె పట్టుకుని వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి.

“జూసినావా అక్కా? చెట్టు తీసినాకనే వచ్చె. నీ మేలు మర్చిపోను. అన్న ఎంత మంచోడో! నేను అడగంగానే ‘దానికి నేను చెప్పుకుంటాలేమ్మా’ అన్నాడు.”

చెట్టు నిలబడి ఉండగానే ఆ ఇంటర్వ్యూ అయిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ సంతోషం ముందు నా మాట ఎవరికి కావాలి? పెట్టె తీసుకున్నాను. మా ఆయన రెండు ముక్కలు తిని, “చూశావా మరి?” అన్నారు, తానే ఆ ఉద్యోగం ఇప్పించినట్టు.

ఇప్పటికీ ఆమె అక్కా అనే పిలుస్తుంది. పలుకుతాను. ఆఫీసు సంగతులు మాట్లాడుకుంటాం. కనకాంబరాలకు నీళ్ళు పోయడం మాత్రం మానేశాను. అవి ఒక్కొక్కటే ఎండిపోతుంటే ఇంట్లో ఎవరూ గమనించలేదు.

ఈ ఆశ్వయుజంలో, రెండు వానలు పడి నేల మెత్తబడ్డాక, మా ఆయన తనంతట తానే నర్సరీకి వెళ్ళి మామిడి అంటు తెచ్చారు. నా కోసమేనట. గునపం పట్టుకుని వాకిట్లో నిలబడి, “ఎక్కడ పెట్టమంటావు?” అని పిలిచారు.

“పక్కవాళ్ళని అడగండి,” అన్నాను.

అది వెటకారమని ఆయనకు తెలియలేదు. మొక్క చేత్తో పట్టుకుని గోడ దగ్గరికెళ్ళి, నిజంగానే అడిగారు.