శనక్కాయ పగిలేదాకా

కర్నూలు బస్టాండు బయట, బండి మీద ఇసుకలో శనక్కాయలు వేగుతున్న వాసన తగిలితే నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. మొన్న అలా ఆగినప్పుడు బండాయన నన్ను ఎగాదిగా చూసి, “టీవీలో దొంగల్ని పట్టే మొగునివి నువ్వే కదప్పా?” అన్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత గుర్తుపట్టిన మొదటి మనిషి. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. “మనదే. నూరు వారాలు ఆడిందప్పా!” అన్నాను. ఆయన కొలత మీద ఇంకో గుప్పెడు వేసి పొట్లం కట్టాడు.

ఆ సీరియల్ పేరు ‘ఆలుమగల ఆచూకీ’. కడపలో కాపురముండే జంట వారానికొక నేరం తేలుస్తుంది. పెళ్లాం ఆలోచించి దొంగను కనిపెడుతుంది, మొగుడు మీసం తిప్పి ఆ పేరు ప్రకటిస్తాడు. మొగుణ్ణి నేను. పెళ్లాం హుసేనమ్మ. నంద్యాల నాటకాల్లో ముప్పై ఏళ్లు రాణి వేషాలు వేసిన మనిషి. కెమెరా తిరిగితే నాకు భార్య, ఆగితే అక్క. అరవైమందిని చూసి దర్శకుడు నన్నే ఏరుకున్నాడని ఊరంతా చెప్పుకున్నాను. నిజానికి ఆ వేషం కట్టాల్సినాయన కాలు విరిగింది. ఆ కబురు చెప్పడానికి వెళ్లిన నన్ను నిలబెట్టి మీసం అంటించారు.

మొదటిరోజు ఒంటిమిట్ట దగ్గర ఒక పాత మిద్దెలో షూటింగు. లైటు వెలగగానే బట్టీపట్టిన మాటలన్నీ ఆవిరైపోయాయి. ఏడుసార్లు తీశారు. “రేపటికి ఇంకొకణ్ణి చూడండి” అని దర్శకుడు విసుక్కుని బయటికి వెళ్లాడు. హుసేనమ్మ ఒడిలో శనక్కాయలు పోసుకుని తింటోంది.

“ఏమప్పా, ఆ కెమెరా పెట్టె దిక్కే చూస్తాండావు. అదేమన్నా నిన్ను మింగుతాదా?”

“శానా భయమైతాండాదక్కా.”

“నా చేతుల దిక్కు చూడు. నేను కాయ పగలగొట్టేదాకా నోరు తెరవొద్దు. పగిలినాక అదే తెరుచుకుంటాది.”

ఎనిమిదోసారి తీస్తే అదే తెరుచుకుంది. దొంగ పేరు చెప్పేముందు నేను ఆగే ఆ ఒక్క క్షణం జనానికి తెగ నచ్చింది. ప్రొద్దుటూరులో ఒక సన్మానసభలో, దానికి ఏడాది సాధన చేశానని చెప్పాను. ముందు వరసలో కూర్చున్న హుసేనమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఏడో వారం గండికోటలో తీస్తుండగా నిర్మాత నన్ను గోడ పక్కకు పిలిచాడు. “ఆమెకు వయసైపోయింది. చిన్న పిల్లను పెడదాం. నీ టైమింగే మనకు ప్రాణం, నువ్వుంటే చాలు. ఏమంటావు?” ‘ఆ టైమింగు ఆమెది’ అనాలి. ఆ ఒక్క మాటే. దూరంగా బండరాయి మీద కూర్చుని, ఆమె నా వంతు కాయలు కొంగులో వేరుగా కట్టి పెడుతోంది. “మీ ఇష్టం సార్” అన్నాను.

కొత్తగా వచ్చిన అమ్మాయి మంచిదే, చేతులే ఖాళీ. నేను చప్పుడు కోసం చూస్తూ నిలబడ్డాను. రెండు వారాలు ఎలాగో అతుకులేసి, సీరియల్ మూసేశారు. పోటీ ఛానల్ వాళ్ల కుట్ర అని చాలా ఏళ్లు చెప్పాను.

నెల తర్వాత నంద్యాల వెళ్లాను. హుసేనమ్మ గడపలో కూర్చుని ఉంది. “నిన్ను తీసెయ్యొద్దని శానా కొట్లాడినానక్కా. కాళ్లు పట్టుకున్నా...” ఆమె చేటలోంచి ఒక కాయ తీసుకుని, వేళ్ల మధ్య పట్టుకుని, పగలగొట్టకుండా నా మొహమే చూసింది. నా మాట ఆగిపోయింది. అప్పుడు కాయ పగిలింది.

“మీ ఇష్టం సార్ అన్నానక్కా.”

“ఇప్పుడు బాగా చెప్పినావు” అని గింజలు నా చేతిలో పెట్టింది. “తిను.”

ఆమె పోయి నాలుగేళ్లు. మొన్న పొట్లం పట్టుకుని బస్సు దాకా వెళ్లినవాణ్ణి వెనక్కి వచ్చాను. బండి ముందు నిలబడి ఒక కాయ తీసి పగలగొట్టాను.

“ఆడింది తొమ్మిది వారాలేనప్పా.”