ఉల్లిపొరలో కనిపించని మైటోకాండ్రియా

ఆ శనివారం ఐదో పీరియడ్‌కి మా బడి ల్యాబులో ఉన్నవారు, ఉన్నవి: ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పై ఎనిమిది మంది. మైక్రోస్కోపులు ఐదు, వాటిలో పనిచేసేవి రెండు. అయోడిన్ సీసా ఒకటి, సగం. గాజు స్లైడులు ఒక పెట్టె. ఉల్లిపాయలు నాలుగు. ల్యాబు అటెండర్ ఒకరు. ఆయనకి వయసు అరవైకి దగ్గర, పిల్లలూ టీచర్లూ అందరూ చాచా అనే పిలుస్తారు. చివరగా నేను. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, చిలకలగూడలోని ఆ బడిలో లెక్కలు చెప్పడానికి చేరాను. బయాలజీ మేడమ్ ప్రసూతి సెలవు మీద వెళ్ళడంతో, ఇంజినీరే కదా చెప్పేస్తాడులే అని కణం పాఠం నా చేతిలో పెట్టారు.

నిజానికి అప్పటికి నేనూ కణాన్ని చూడలేదు. గీశాను, భాగాలు గుర్తించాను, మార్కులు తెచ్చుకున్నాను. ఇంజినీరింగ్‌లోనూ అంతే. నాలుగేళ్ళపాటు నా ల్యాబు రికార్డుల్లో రాసిన రీడింగులు చాలావరకు జవాబు నుంచి వెనక్కి లెక్కకట్టినవే. అందుకే పిల్లలకైనా చూపించాలనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు కలిపి ఎనభై నిమిషాలు. అందులో యాభై ఐదు నిమిషాలు నేనే మాట్లాడాను. బోర్డు మీద నాలుగు రంగుల సుద్దలతో కణం గీసి, పది భాగాలు చూపించి, ఒక్కో భాగం చేసే పని వరసగా చెప్పాను. కేంద్రకంలో కణం నడవడానికి కావలసిన ఆదేశాలన్నీ ఉంటాయన్నాను.

"ఉల్లిగడ్డకేం ఆదేశాలుంటయ్ సార్? కోసినోళ్ళని ఏడిపియ్యుమనా?" అన్నాడు క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే కుర్రాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, మరో ఐదు నిమిషాలు మాట్లాడాను.

మిగిలింది ఇరవై ఐదు నిమిషాలు. రెండు మైక్రోస్కోపులు, ముప్పై ఎనిమిది జతల కళ్ళు. ఒక్కొక్కరికి డెబ్బై తొమ్మిది సెకన్లు. ఒక కన్ను మూసుకోవడానికే సగం మందికి అంత పట్టింది.

సోమవారం రికార్డులు వచ్చాయి. చూడముచ్చటగా ఉన్నాయి. ముప్పై ఏడు పుస్తకాల్లో గుండ్రని కేంద్రకం, సరిగ్గా కణం మధ్యలో. పక్కనే మడతలు మడతలుగా మైటోకాండ్రియా. మా మైక్రోస్కోపుల్లో మైటోకాండ్రియా కనిపించే ప్రశ్నే లేదు. పాఠ్యపుస్తకం తెరిచి పక్కన పెట్టుకున్నాను. అందులో మైటోకాండ్రియా ఏ మూలన ఎన్ని ఉన్నాయో, రికార్డుల్లోనూ ఆ మూలనే అన్ని ఉన్నాయి.

ముప్పై ఎనిమిదో పుస్తకం చివరి బెంచీ అమ్మాయిది. ఇటుకల గోడలాంటి గళ్ళు, వాటి మీద నల్లటి మందపాటి అంచుతో మూడు సున్నాలు. పేర్లేమీ రాయలేదు.

"ఏందిది? సైకిల్ ట్యూబులా?" అన్నాడు ఫస్టు కుర్రాడు, పుస్తకం అందరికీ ఎత్తి చూపిస్తూ.

"నాకట్లనే కనపడ్డది," అంది ఆ అమ్మాయి తల ఎత్తకుండా.

చాచాకి చూపిస్తే ఒక్క చూపులో తేల్చేశాడు. "గాలి బుడగలు సార్. కవర్ స్లిప్ పైకెల్లి టప్పున పడేస్తే గిట్లనే వస్తయ్." తరవాత మిగతా పుస్తకాల దొంతర వైపు చూశాడు. "బిడ్డ అబద్ధం గియ్యలే."

ఆ మాటకి నాకు నా నాలుగేళ్ళ రీడింగులు గుర్తొచ్చాయి.

కానీ ఆ సాయంత్రమే రికార్డులు సంతకాల కోసం ప్రిన్సిపాల్ మేడమ్ బల్ల మీదికి వెళ్ళాయి. మర్నాడు నన్ను పిలిపించారు. "అచ్చు వేసినట్టున్నాయి మాస్టారూ!" అన్నారు. నేను కుర్చీలో సర్దుకునేలోపే అసలు మాట వచ్చింది. "పుస్తకం చూసే ఇంత బాగా గీస్తున్నప్పుడు ఇక ల్యాబెందుకు? శనివారం ఆ రెండు పీరియడ్లూ ఐఐటీ ఫౌండేషన్‌కి ఇచ్చేద్దాం. తల్లిదండ్రులు అడుగుతున్నారు."

"వాళ్ళు చూసి గీయలేదు మేడమ్. తప్పు నాదే. చూసే టైము నేనివ్వలేదు."

ఆవిడ దొంతర కింద నుంచి ఒక పుస్తకం లాగారు, నల్ల సున్నాలది. "ఇదిగో, చూసి గీస్తే ఇలా ఉంటుంది కాబోలు."

"అవునండీ," అన్నాను. నిజమే కదా.

ఆవిడ పుస్తకం మూశారు. "సరే. వచ్చే శనివారం కాదు, ఆపై శనివారం నేనే వస్తాను. నేను పిలిచిన పిల్ల స్లైడు చేసి నాకు న్యూక్లియస్ చూపించాలి. చూపిస్తే పీరియడ్లు మీవి. లేదంటే ఫౌండేషన్‌వి."

మధ్యలో దొరికింది ఒకే ఒక్క శనివారం. ఇంటికెళ్ళే మల్కాజ్‌గిరి బస్సులో కొత్త పద్ధతి రాసుకున్నాను. ఒకటి, పుస్తకాలూ బ్యాగులూ వరండాలో. రెండు, నా మాటలు ఐదు నిమిషాలు. మూడు, మైక్రోస్కోపు దగ్గర ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలకు మూడు సెకన్లు తక్కువ. నాలుగు, కనిపించినదే గీయాలి, కనిపించనిది గీయకూడదు. ఐదు, పొర తీయడం, కవర్ స్లిప్ వేయడం నేర్పేది నేను కాదు, చాచా.

చాచా ఆ శనివారం చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఉల్లి రేకుని విరిచి, లోపలి వైపు నుంచి పొరను పటకారుతో లాగి, ఆరిపోకుండా నీళ్ళలో వేశాడు. "కవర్ స్లిప్ ఒక అంచు ముందు ఆనియ్యాలె. ఇంకో అంచు సూది మీద పెట్టి మెల్లగ దించాలె. పరేషాన్ గావద్దు. నీళ్ళు ముందుకొస్తయ్, గాలి దానంతట అదే పోతది."

మొదటి పావుగంటలో ఏడు కవర్ స్లిప్పులు పగిలాయి. పన్నెండో స్లైడు మీద నేను మొదటిసారి కణం చూశాను. లేత పసుపు గళ్ళు, ఒక్కో గడిలో గోధుమరంగు చుక్క. చుక్క మధ్యలో లేదు, గోడకి ఆనుకుని ఉంది. పిల్లలు నన్ను తోసుకుని మరీ చూశారు. "పక్కకెందుకు పోయింది సార్?" అని ఫస్టు కుర్రాడే అడిగాడు. నేను చెప్పేలోపు చివరి బెంచీ అమ్మాయి తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "నడుమల నీళ్ళ సంచి ఉందంటిరి గదా. అదే నూకిందేమో." ఆ నీళ్ళ సంచే రిక్తిక, కేంద్రకాన్ని పక్కకి నెట్టేది అదే. యాభై ఐదు నిమిషాల నా ఉపన్యాసంలో ఆ ఒక్క వాక్యం ఆ అమ్మాయి దగ్గర మిగిలింది.

చెప్పిన శనివారం ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చారు. కూర్చోలేదు. "బుడగలు గీసిన అమ్మాయి ఎవరు? రామ్మా."

చాచా చేతులు వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. సాయం చేయకూడదని మేడమ్ ముందే చెప్పారు.

ఆ అమ్మాయి పొర తీసింది, అయోడిన్ చుక్క వేసింది. సూది జారి కవర్ స్లిప్ టప్పున పడింది. లోపలికి చూసి, తల ఎత్తింది.

"బుడగలొచ్చినయ్ మేడమ్. ఇంకోటి చేస్త."

మేడమ్ గడియారం చూసుకున్నారు. వెనక ముప్పై ఏడు మంది మునివేళ్ళ మీద లేచారు. ఈసారి ఆ అమ్మాయి ఒక అంచు ఆనించి, సూది మీద రెండో అంచుని మెల్లగా దించింది. స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, దాని అద్దం కిటికీ వైపు తిప్పింది. చూసి, పక్కకి జరిగింది.

మేడమ్ కళ్ళద్దాలు తీసి వంగారు. "ఏవో నల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి?"

"అవి మీ కనురెప్పలవి మేడమ్. జెర వెనక్కి జరుగుండ్రి."

వెనకెవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మేడమ్ జరిగారు. తరవాత కన్ను మార్చి మళ్ళీ చూశారు.

"ఈ చుక్కలు న్యూక్లియస్‌లేనా? గాలి బుడగలు కాదని నీకెలా తెలుసు?"

"బుడగకి నల్లగ అంచుంటది మేడమ్. గిట్ల సూదితోని ఒత్తితే కదుల్తది." ఆమె కవర్ స్లిప్‌ను సుతారంగా ఒత్తింది. "ఇవి గడిని ఇడిశిపెట్టి పోతలేవు, చూడుండ్రి."

"మరి మైటోకాండ్రియా ఏవి?"

"ఉంటయ్ మేడమ్, గానీ దీంట్ల కనపడయ్. కనపడనిది గియ్యొద్దు. అది మా క్లాసు రూలు."

మేడమ్ నిటారుగా నిలబడి కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "పీరియడ్లు మీవే మాస్టారూ," అని, మూలనున్న మూడు మైక్రోస్కోపుల వైపు చూశారు. "ఇవి ఇన్నాళ్ళూ ఇక్కడెందుకు పడున్నాయి? సోమవారం రిపేరుకి పంపించండి."

ఆవిడ గుమ్మం దాటగానే లేచిన అరుపులకి పక్క గది హిందీ మేడమ్ తొంగి చూశారు. ఫస్టు కుర్రాడు చివరి బెంచీ దగ్గరికి వెళ్ళాడు. "నాక్కూడ బుడగలే వస్తున్నయ్. ఎట్ల దించాల్నో చూపియ్యవా?"

"ముందు సైకిల్ ట్యూబ్ అన్నందుకు సారీ చెప్పు."

"సారీ. ఇగ చూపియ్యి."

చాచా మాత్రం స్లైడులు కడుగుతూ, "నా క్లాసుల ఒక్కరు సుత ఫెయిల్ గాలే," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో బల్ల మీద, పిల్లలు కొత్తగా గీసిన రికార్డులన్నీ దిద్దాను. గీతలు వంకర, గళ్ళు ఎగుడుదిగుడు. ఏ రెండు బొమ్మలూ ఒకేలా లేవు. పుస్తకాలు ముప్పై ఎనిమిది. గోడ పక్కన కేంద్రకం ఉన్నవి ముప్పై ఎనిమిది. పేరు రాసి మరీ గీసిన గాలి బుడగలు పదకొండు. మైటోకాండ్రియా సున్నా.