మామిడి కొత్త వాటా

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఏళ్ళ తరబడి రాసుకుంటున్న డైరీలో కూడా రాయలేదు: మా అమ్మానాన్నలు విడిపోకముందు, నాన్న అమ్మకు పంపిన మూడు మామిడికాయలూ నేనే తినేశాను.

పాడేరులో నేను అద్దెకుంటున్న గదిలో, కిటికీ గట్టు మీద ఒక అడ్డాకు పొట్లం ఉంది. నా భర్త పంపాడు, పొద్దున్నే జీపు డ్రైవరు తెచ్చిచ్చాడు. మూడు నెలల క్రితం ఆయన నా డైరీ తీసి, అందులో తన గురించి రాసుకున్న నాలుగు వాక్యాలు అక్కచెల్లెళ్ళకు చదివి వినిపించి నవ్వాడు. ఆ సాయంత్రమే వచ్చేశాను. విడాకుల మాట ఇద్దరమూ ఎత్తాం, కాగితాల దాకా ఇద్దరమూ పోలేదు. పొట్లం ఇంకా విప్పలేదు. పచ్చి ఆకు, నార, మామిడి సొన కలిసిన ఆ వాసనకు నేను మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనై, పెదబయలు దగ్గర అమ్మమ్మ ఊళ్ళో ఉన్నాను.

ఆ ఏడు అమ్మ నాన్న మీద అలిగి, నన్ను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఎందుకలిగిందో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆ ఊరి వేసవి: ఒక్క జల్లుకే తెల్లగా విరబూసి ఊరంతా మల్లెల వాసన చేసే కాఫీ తోటలు, పొద్దున్నే చల్లటి చోడి అంబలి, నిప్పుల్లో చిటపటలాడే జీడిపిక్కలు, ఇప్పపూలు ఏరడానికి చీకటితోనే లేచే పిన్నులు, చేటలో సామలు చెరిగే అమ్మమ్మ చేతి చప్పుడు, గెడ్డ నీళ్ళలోకి దిగి రాళ్ళ కింద పీతల్ని పట్టే ఆట. మా ఇంట్లో నేనొక్కదాన్నే. అక్కడ ఆరుగురు ఆడపిల్లలు, నేను మాట్లాడకపోయినా పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు.

మా వైపు మామిడి కొత్త పండగ కాకుండా ఎవరూ కాయ కొరకరు. దేవుడికి పెట్టాక ఇంటివాళ్ళందరూ తినాలి, అలిగి వెళ్ళిన మనిషికైనా వాటా పంపాలి. తీసుకుంటే ఇంకా ఆ ఇంటి మనిషే. తీసుకోకపోతే పెద్దలు కూర్చుని విడదీయడమే.

పండగ మర్నాడు నాన్న వచ్చాడు. పిలవకుండా అత్తారి గడప తొక్కడం నామోషీ అనుకున్నాడేమో, గెడ్డ అవతల రాతి మీద కూర్చుని, పీతల కోసం దిగిన నన్ను కేకేసి పొట్లం చేతికిచ్చాడు.

“గుంటా, బేగెల్లి మీ యమ్మకియ్యి. మూడున్నాయి, మన ముగ్గురికీని. నానూ ఇంకా కొత్త తిన్లేదు. తీసుకున్నాదో లేదో వొచ్చి సెప్పు.”

“ఏటని సెప్పాలి నాయనా?”

“ఏటీ సెప్పొద్దు. దానికి తెల్సు.”

గట్టెక్కుతుంటే నాకూ తెలిసింది, అమ్మ ఇది తీసుకుంటే రేపే మా ఊరు వెళ్ళిపోతామని. వెదురు పొద వెనక కూర్చుని నార విప్పాను. మొదటి కాయకే పళ్ళు పులిసిపోయాయి. అయినా మూడూ తిన్నాను, టెంకలు పొదలోకి విసిరేసి ఆకు మేకకు పెట్టాను. నాన్న పొద్దు వాలేదాకా ఆ రాతి మీదే ఉన్నాడు. తర్వాత లేచి, పంచె దులుపుకుని, ఒకసారి ఊరివైపు చూసి వెళ్ళిపోయాడు. అంతసేపూ నేను పొద చాటునే ఉన్నాను.

తెల్లారేసరికి సొన తగిలిన మూతి పొక్కింది. “ఎవలి సెట్టెక్కినావే కోతీ? మూతి సూడండర్రా, కాల్సిన పనసకాయలాగున్నాది!” అని అమ్మమ్మ అందర్నీ నవ్వించింది. అమ్మ మాత్రం నవ్వకుండా నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, వేలికొసతో ఆముదం రాసింది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మండుతోందని మాత్రమే చెప్పాను.

వానలకు ముందే పెద్దలు కూర్చున్నారు. వాటా పంపానని నాన్న అనలేదు, ఎందుకు పంపలేదని అమ్మ అడగలేదు. నోరు విప్పని ఈ గుణం నాకు ఎవరి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. నేను అరుగు మీద స్తంభం పట్టుకుని, పెదవుల మీది పెచ్చులు గిల్లుకుంటూ నిలబడ్డాను. తర్వాత నాన్న ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. రెండేళ్ళ క్రితం పోయాడు.

ఇప్పుడు ఆ గెడ్డ మీద వంతెన పడింది, నాన్న కూర్చున్న రాయి దాని కింద ఎక్కడుందో పోల్చుకోలేను. అమ్మమ్మ లేదు, చేట చప్పుడూ లేదు. కొత్త పండగకు ముందే సంతలోకి కాయలు వచ్చేస్తున్నాయి. వాటాల సంగతి పట్టించుకునేవాళ్ళు తక్కువ. నా భర్తకు ఆ పద్ధతి చెప్పింది నేనే, పెళ్ళైన మొదటి వేసవిలో. మర్చిపోయి ఉంటాడనుకున్నాను. పొట్లం విప్పకపోయినా చేతికి తెలుస్తోంది, లోపల రెండు కాయలున్నాయి.

మధ్యాహ్నం అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. పొట్లాన్ని పుస్తకాల వెనక్కి తోసేశాను. “ఆడేటీ అంపలేదేటే?” అంది. లేదన్నాను. ఆవిడ పుస్తకాల వైపు ఒకసారి చూసి, వెళ్ళడానికి లేచింది. ఇప్పుడు తప్ప ఇంకెప్పుడు చెబుతాననుకుంటూనే జీపు దాకా నడిచాను. అమ్మ ఎక్కి కూర్చున్నాక, కదులుతున్న జీపులోంచి నా చెయ్యి పట్టుకుని అంది:

“అలకేటి గొప్పదే గుంటా. ఆ ఏడు మీ నాయన ఒక్క కాయ అంపినా, నాను నడిసెల్లిపోదును.”