ముందు సీట్లో వ్లాస్తా

వ్లాస్తా కుచెరా అకార్డియన్ వాయించని పెళ్లి మా వైపు ఉండేది కాదు. భర్త పోయాక వాయిద్యాన్ని పెట్టెలో పెట్టేసింది. లైసెన్సు ఉన్నా, మంచులో కారు నడపాలంటే భయం. అమెరికాలో మా నెబ్రాస్కాలో చలికాలం అంటే సగం ఏడాది. ఆ ఆరు నెలలూ ఆమెకు కిటికీయే లోకం.

నేనప్పుడు కౌంటీ పోలీసుని. ఒక జనవరి ఉదయం వ్లాస్తా పొరుగు పొలం వాళ్ల అమ్మాయి డార్లా కారు ఆపాను. మా రాష్ట్రంలో పల్లె పిల్లలు పధ్నాలుగు దాటాక బడి పర్మిట్ మీద కారు నడపొచ్చు. ఇంటికీ బడికీ మధ్య మాత్రమే. ఇంట్లోవాళ్లను తప్ప ఎవరినీ ఎక్కించుకోకూడదు. వెనక సీట్లో చూస్తే వ్లాస్తా మనవరాలు రోని!

"ఎవరమ్మా ఈ పిల్ల?"

"మా చెల్లెలు సార్."

"నిన్న మీ అమ్మ కొట్లో కనిపించింది. రాత్రికి రాత్రే ఇంత పిల్లని కనేసిందా?"

రోని కిసుక్కుమంది. డార్లా కళ్లలో నీళ్లు తిరిగాయి. "బస్సు వెళ్లిపోయింది సార్. వాళ్ల నాన్న తెల్లారకముందే పనికి పోతాడు. ఈ చలిలో నడిచి రమ్మంటారా?"

హెచ్చరించి వదిలేశాను. రోనిని నా కారులో బడి దగ్గర దింపాను. సాయంత్రం వ్లాస్తా ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. పిల్లలిద్దరూ అక్కడే బిక్కమొహాలతో కూర్చున్నారు.

"రోనికి సగం రోజులు బస్సు అందదు. డార్లా కారులో పంపే దారే లేదా?" అంది వ్లాస్తా.

"ఉంది. ఇరవయ్యొక్కేళ్లు నిండి, లైసెన్సున్న మనిషి పక్కన కూర్చుంటే సరిపోతుంది."

"నాకు డెబ్బై ఆరు. చాలా?"

మర్నాడు తలకి రుమాలు కట్టుకుని ముందు సీట్లో ఎక్కింది. దారంతా తలుపు పట్టుకుని, లేని బ్రేకు తొక్కుతూనే ఉందట.

"మెల్లగా పోవే!"

"ఇంతకంటే మెల్లగా అంటే దిగి నెట్టాలి బామ్మా!"

తిరిగి ఇంటికి చేరాలంటే బడి వదిలేదాకా ఆగాలి కదా. మొదట్లో వరండాలో కూర్చుని అల్లిక అల్లుకునేది. ఓ రోజు సంగీతం గదిలోకి తొంగిచూసి, "ఆ తాళమేంటయ్యా, కుంటి గుర్రం నడిచినట్టు!" అంది. మాస్టారు నవ్వి లోపలికి రమ్మన్నాడు. ఆ వారంలోనే అకార్డియన్ కారెక్కింది. వసంతం వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె వాయిస్తుంటే పిల్లలంతా జంటలు కట్టి పోల్కా నాట్యం ఆడుతున్నారు. బడిలో మే నెల వేడుకకి నన్ను కూడా యూనిఫాంతోనే ఆ ఆటలోకి లాగారు. నా బూటు కింద ఎన్ని కాళ్లు నలిగాయో!

పదహారు నిండాక డార్లాకి అసలు లైసెన్సు వచ్చింది. ఇక పక్కన పెద్దవాళ్లు అక్కర్లేదు. ఆ సంగతి చెబుదామని డార్లా వాళ్ల గేటు దగ్గర కారు ఆపేసరికి వ్లాస్తా అప్పటికే తయారై నిలబడి ఉంది.

"ఏంటలా చూస్తున్నావు? లైసెన్సు రాగానే నన్ను దింపేద్దామనా?"

"ఎక్కు బామ్మా," అంది డార్లా తలుపు తెరిచి. "బడి గంట కొట్టేస్తారు."